అరచేతికి ఐదు పొరలు

ఫిబ్రవరి 7, శుక్రవారం. సాయంత్రం 6.10, జగ్గయ్యపేట

నందిగామ బ్యూటీషియన్ కోర్సులో ఈరోజు నాకు అక్షింతలు పడ్డాయి. ప్రాక్టీసుకి వచ్చిన పెళ్లికూతురితో, "మీ నుదుటి జిడ్డుతో రెండు దోసెలు వేయొచ్చండి" అన్నాను. ఉన్నమాటే! ఆ పిల్ల ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. మా టీచరు గీతాంజలి మేడమ్ నన్ను అందరి ముందూ నిలబెట్టింది.

"గ్రేసీ, చర్మం చూడు. కస్టమరు కార్డులో రాయి. నోరు మూసుకో. ఇంకొక్క కంప్లైంటొచ్చిందా, పదిహేనో తారీఖు పరీక్షకి కూర్చోనివ్వను."

పాసైతే మా ఇంటి ముందు గదిలో నా పార్లర్! ప్రస్తుతం అందులో బియ్యం బస్తాలున్నాయి. సర్టిఫికెట్ చూపిస్తే ఖాళీ చేయిస్తానని మా అత్తయ్య ఆదెమ్మ మాటిచ్చింది.

తీర్మానం: ఎవరి మొహంలో ఏమున్నా నోటితో అనను. కార్డులో రాస్తాను. ఎనిమిది రోజులు ఒక లెక్కా!

ఫిబ్రవరి 8, శనివారం

ఉదయం 8.20. నందిగామ బస్సు. కండక్టరు ముక్కు నిండా బ్లాక్‌హెడ్స్. టికెట్ తీసుకుని ఊరుకున్నాను.

8.45. పక్క సీటావిడ: పొడి చర్మం, పెదాల చివర పగుళ్లు. కిటికీలోంచి బయటికి చూశాను.

11.00. క్లాసు. పైన ఎపిడెర్మిస్, కింద డెర్మిస్, అడుగున కొవ్వు. చర్మం రకాలు: మామూలు, పొడి, జిడ్డు, మిశ్రమం.

సాయంత్రం. మొహాలు పదకొండు, మాటలు సున్నా. నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చి. పాస్టరమ్మ గారి రెండు బుగ్గల మీదా మంగు. ప్రసంగం ఒక్క ముక్క తలకెక్కలేదు. బయటికొచ్చాక ఆవిడే అడిగారు. "ఏంటమ్మా గ్రేసీ, అట్టా చూస్తన్నావు?"

"మెలాస్మా అండి."

ఇంగ్లీషులో చెప్పాను కాబట్టి తీర్మానం తప్పినట్టు కాదు. మంగు అంటే బాధ, మెలాస్మా అంటే వైద్యం. పైగా ఆవిడే అడిగారు. తనకి మెలాస్మా వచ్చిందని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నారు కూడా!

ఫిబ్రవరి 11, మంగళవారం

ఉదయం 6.30. పాలాయన మెడ మీద పులిపిర్లు. వేలితో చూపించాను. వేలు నోరు కాదు కదా.

8.30. కండక్టరుతో, "వేడినీళ్ల ఆవిరి పట్టండి" అన్నాను. జబ్బు పేరెత్తలేదు, వైద్యం ఒక్కటే చెప్పాను.

"దేనికమ్మా?"

"ముక్కుకండి."

"నాకు జలుబు లేదే?"

ఇక విడమరిచి చెప్పక తప్పలేదు. బస్సంతా విన్నది.

ఫిబ్రవరి 13, గురువారం

లెక్క రాయడం మానేశాను. ఈరోజు ఏడుగురో, ఎనిమిదిమందో. కంప్లైంట్ మాత్రం రాలేదు. తీర్మానం ఉద్దేశం అదే కదా!

పరీక్షకి మొహం ఇచ్చే మనిషిని మనమే తీసుకెళ్లాలి. పక్కింటి లహరి వస్తానంది. మచ్చలేని చర్మం. అనడానికి ఏమీ లేదని ఆమెనే ఎంచుకున్నాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం. సాయంత్రం 4.00

అత్తయ్య పచ్చడికి పది కిలోల పండుమిరపకాయలు తెచ్చింది.

"రేపు నాకు పరీక్ష అత్తయ్యా!"

"పరీక్ష రేపేగా. తొడిమలు ఇయ్యాల తియ్యకపోతే కాయలు మెత్తబడతయ్యి."

తొడిమలన్నీ తీశాను. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను. చేతులు అస్సలు మండలేదు.

ఫిబ్రవరి 15, శనివారం. పరీక్ష

10.40. లహరి మొహానికి మసాజ్ మొదలుపెట్టాను. రెండో నిమిషానికి బుగ్గలు ఎర్రబడ్డాయి. "అక్కా, మండుతుంది" అంది. కళ్ల నిండా నీళ్లు. ఆపేశాను.

పరీక్ష పెట్టడానికి విజయవాడ నుంచి వచ్చిన మేడమ్ వంగి చూసింది. "సెన్సిటివ్ స్కిన్. ఫేషియల్ పడదు" అని కార్డులో రాసింది. సమయానికి ఆపానని నన్ను మెచ్చుకుంది. ఆ తర్వాత ప్రశ్న.

"అరచేతికి ఎపిడెర్మిస్‌లో ఎన్ని పొరలు?"

"ఐదండి."

"మొహానికి?"

"నాలుగే అండి. పల్చన కదండీ, అందుకే..."

అక్కడ ఆగిపోయాను. నా మందపాటి చేతులకి తెలియని మిరపకాయ మంట లహరి మొహానికి తెలిసింది!

నేను ఏదో అనబోతున్నానని గీతాంజలి మేడమ్ కనిపెట్టింది. విజయవాడ మేడమ్ వెనక నుంచి పెదాల మీద వేలు పెట్టి చూపించింది. నోరు మూసుకుంటే పాస్. ముందు గది నాది. లహరి మాత్రం తన చర్మం మంచిది కాదనుకుంటూ బతుకుతుంది. నాకు భయమేసింది. అంతకంటే సిగ్గేసింది.

"లహరి చర్మం బంగారమండి. తప్పు నా చేతులదండి. నిన్న పండుమిరపకాయల తొడిమలు తీశాను."

లహరి మొహానికి చల్లటి పెరుగు రాశారు. థియరీ పాస్. ప్రాక్టికల్ ఫెయిల్. మళ్లీ మార్చి 15న.

బస్సులో ఏడ్చాను. లహరి తన చున్నీ ఇచ్చింది. "వచ్చే నెలా నేనే వస్తాలే అక్కా. కాకపోతే ముందు నీ చేతులు వాసన చూసి కూర్చుంటా."

ఫిబ్రవరి 16, ఆదివారం

కొత్త తీర్మానం: మార్చి 15 దాకా ఎవరి మొహం గురించీ నోరెత్తను. ఈసారి ఇంగ్లీషు లేదు, వేలు లేదు, వైద్యం లేదు.

మధ్యాహ్నం 3.00. "అంతా నా కాయల వల్లేనంటగా" అని గొణుక్కుంటూ అత్తయ్య ముందు గదిలో బస్తాలు ఒక పక్కకి జరిపించింది. కుర్చీ పట్టేంత చోటు. నా కళ్లు చెమర్చాయి. ఆ కుర్చీలో ముందుగా తనే కూర్చుంది.

"మిగతా సగం సర్టిఫికెట్ తెచ్చాకే. ముందు నా మొహం చూడు. ఏమేం ఉన్నయ్యి?"

చాలా ఉన్నాయి. పళ్లు బిగబట్టి, కార్డు రెండు వైపులా రాసి చేతిలో పెట్టాను.

అత్తయ్య దాన్ని దూరంగా పట్టుకుని చూసింది. దగ్గరగా పట్టుకుని చూసింది.

"కళ్లజోడు కనపట్టంలా. నువ్వే గట్టిగా చదువు."

తీర్మానం సోమవారం నుంచి.