బ్రౌన్ చీజ్ శపథం

సోమవారం, సెప్టెంబరు 4

శపథం! ఇవాళ్టి నుంచి మా ఊరి పేపర్లో ‘తల్లుల పేజీ’ తెరవను. ‘ఈ వారం మేటి లంచ్ డబ్బా’ ఫోటో చూడను. ఎవరి డబ్బాతోనూ నా డబ్బాను పోల్చుకోను. నిన్న దోసకాయను తిమింగలంలా చెక్కబోయి వేలు చెక్కుకున్నాను. చాలు!

మా ఎస్కిల్ డబ్బాలో రెండు రొట్టె ముక్కలు, వెన్న, బ్రౌన్ చీజ్, ముక్కలు అంటుకోకుండా మధ్యన ఒక కాగితం. మా అమ్మ నాకు పెట్టిందీ అదే.

“తిమింగలం ఏదమ్మా?” అన్నాడు. వాడికి ఆరేళ్ళు.

“సముద్రంలోకి వెళ్ళిపోయింది నాన్నా.”

కాఫీ వేడిగా తాగాను! ఎన్నాళ్ళయిందో!

బుధవారం, 6

వానలో బడి గేటు దగ్గర విబేకె కలిసింది. పక్కిల్లే. పిల్లలు పుట్టకముందు నుంచీ నా ప్రాణస్నేహితురాలు. పోయిన నెల ఆమె చెక్కిన క్యారెట్ గుడ్లగూబ పేపర్లో పడింది. అప్పటి నుంచి మా మధ్య మాటలు తగ్గాయి. తప్పు నాదే, కుళ్ళుకున్నాను.

శపథం సంగతి చెప్పాను.

“నీ వల్ల అవుతుందటే తోరున్? ఆ పేజీ రాకపోతే పేపరాఫీసుకి ఫోన్ చేసే రకానివి!”

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఈ నవ్వు కోసం మొహం వాచిపోయి ఉన్నాను.

శుక్రవారం, 8

పేపరు వాళ్ళు ఫోన్ చేశారు! నా శపథం వాళ్ళ చెవిన పడిందట. ‘పోటీ నుంచి తప్పుకున్న తల్లి’ అని రాస్తారట. పేజీ చదవనన్నాను గానీ, పేజీలో పడనని అనలేదు కదా? సోమవారం రాసుకున్నది మళ్ళీ చూశాను. ఎక్కడా లేదు.

“మిగతా తల్లుల గురించి ఏమంటారు?” అని విలేకరి అడిగింది.

“గుడ్లగూబలు చెక్కుతూ కూర్చునే తీరిక నాకెక్కడిదండీ!” అన్నాను. నవ్వుతూనే అన్నాను.

సోమవారం, 11

పడింది! నేను చదవలేదు, మా ఆయన స్టియాన్ చదువుతుంటే విన్నాను. వినకూడదని శపథంలో లేదు. అర పేజీ ఫోటో. హెడ్డింగ్: “గుడ్లగూబలు చెక్కే తీరిక నాకు లేదు.”

నవ్వుతూ అన్నానని ఎక్కడా వేయలేదు.

కామెంట్లలో సగం మంది ‘బంగారు తల్లి’ అన్నారు, సగం మంది ‘ఒళ్ళు వంచని మనిషి’ అన్నారు. రెండో రకం వాళ్ళ పేర్లన్నీ నోటికొచ్చేశాయి.

గేటు దగ్గర విబేకె రెయిన్‌కోటు టోపీ కళ్ళ మీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

గురువారం, 14

అదే పేజీలో విబేకె! “ఈ పోటీలు నేనెప్పుడో మానేశాను. మా పాప ఆస్తాకి పెట్టేది రొట్టె, వెన్న, అంతే. చీజ్ కూడా ఆర్భాటమే.”

చీజ్ ఆర్భాటమా?!

రేపటి నుంచి ఎస్కిల్‌కి చీజూ లేదు, వెన్నా లేదు. ఇది పోటీ కాదు. నిరాడంబరత.

సోమవారం, 18

ఎస్కిల్ మోసుకొచ్చిన వార్త: ఆస్తా డబ్బాలో ఇప్పుడు ఒక్కటే రొట్టె ముక్క, అదీ ఉత్తదే. నేను డబ్బానే తీసేసి, ఉత్త రొట్టె కాగితంలో చుట్టి పంపాను. ‘ఎవరు ఎక్కువ నిరాడంబర తల్లి?’ అని పేపరు వాళ్ళు ఓటింగు పెట్టారు. నేనే ముందున్నాను! (చూడలేదు. కనపడింది.)

మంగళవారం, 19

టీచరు ఫోన్ చేసింది. ఎస్కిల్, ఆస్తా బల్ల కింద దూరి, ఎవరో పిల్ల డబ్బాలోని దోసకాయ తిమింగలాన్ని తోకతో సహా తినేస్తూ దొరికారట.

“ఇంట్లో... అంతా బాగానే ఉంది కదండీ?” అని మెల్లగా అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చాక ఎస్కిల్ అడిగాడు: “అమ్మా, పేపరు వాళ్ళకి బ్రౌన్ చీజ్ అంటే ఇష్టం లేదా?”

ఏడుపొచ్చేసింది. ఫ్రిజ్‌లోంచి చీజ్ దిమ్మ తీసుకుని పక్కింటి తలుపు కొట్టాను. విబేకె కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

“నాకూ చేసిందిలే టీచరు,” అంది. చీజ్ దిమ్మ అందుకుని, “నా గుడ్లగూబ నిజంగా బాగాలేదా?” అంది.

“చాలా బాగుందే. అందుకే ఒళ్ళు మండింది.”

పిల్లలకి కడుపునిండా పెట్టి, మిగిలిన చీజ్ మేమిద్దరమే తినేశాం.

బుధవారం, 20

మళ్ళీ శపథం! ఈసారి ఇద్దరం కలిసి. ఆ పేజీ తెరవం. వాళ్ళ ఫోన్ ఎత్తం. ఒకరి డబ్బాలోకి ఒకరం తొంగిచూడం. రెండు ముక్కలు, వెన్న, బ్రౌన్ చీజ్, కాగితం.

విబేకె సోమవారం నుంచి మొదలుపెడుతుందట. నేను ఇవాళే మొదలుపెట్టేశాను.