మాస్టారి మాటలు లావుగా ఉండాలి

ముక్తేశ్వరం

అమలాపురం ప్రెస్సులో అక్షరాలు కూర్చే అమ్మాయి వీరవేణికి యజ్ఞనారాయణ మాస్టారి ఆశీస్సులు.

మా ఆవిడ కనకమహాలక్ష్మి వంటల పుస్తకం ప్రూఫులు అందాయి. వంటలు ఆవిడవి, ఒక్కో వంట కింద వ్యాఖ్య నాది. నా వ్యాఖ్యలు బోల్డులో వెయ్యమని ముందే చెప్పాను. వెయ్యలేదు. పనసపొట్టు కూర కింద "ఆవ ఘాటుకి రెండు తువ్వాళ్లు తడిశాయి" అని రాశాను. అది దినుసుల్లో కలిసిపోయి, కూరలో తువ్వాళ్లు కూడా వెయ్యాలేమో అన్నట్టుంది.

ఇట్లు,
యజ్ఞనారాయణ

తా.క. ఫోనులో చెబితే మాట నిలవదు. జవాబు రాసి, ఈ ఉత్తరం తెచ్చిన మా శివరామ్ చేతికివ్వు.

అమలాపురం

మాస్టారికి వీరవేణి నమస్కారాలు.

బోల్డు నొక్కానండి. కానీ ఈ ఫాంటు కంప్యూటరుతో పాటు వచ్చింది. దీనికి మామూలు అక్షరాలే ఉన్నాయి, బోల్డువి విడిగా తయారుచెయ్యలేదు. సాఫ్ట్‌వేరు వెతికి, దొరక్క, మామూలువే పెట్టేస్తోంది. బోల్డు ఉన్న వేరే ఫాంటు వాడమంటారా? మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేనేనండి. ఒంటరిగా చేస్తున్న మొదటి పుస్తకం ఇది. మీకు నచ్చితే పుస్తకాల పనంతా నాకే ఇస్తానన్నారు మా ఓనరు గారు.

విధేయురాలు,
వీరవేణి

తా.క. మీ వ్యాఖ్య మా అమ్మకి చదివి వినిపించాను. తువ్వాళ్లు కొత్తవా పాతవా అని అడిగింది.

ముక్తేశ్వరం

అమ్మాయీ,

ఫాంటు మార్చడానికి వీల్లేదు. ఆ గుండ్రటి అక్షరాలు మా ఆవిడ ముచ్చటపడి ఎంచుకుంది. అయినా దొరక్కపోవడమేమిటి? సిరా పొదుపు చేస్తున్నారని నాకర్థమైంది. నా మాటల దగ్గర ధారాళంగా పొయ్యమని మీ ఓనరుకి చెప్పు.

ఇట్లు,
యజ్ఞనారాయణ

తా.క. కావాలంటే సిరా నేనే పంపుతాను. ఇంట్లో రెండు బుడ్లున్నాయి. ఒకటి ఎండిపోయింది.

అమలాపురం

మాస్టారూ, నమస్కారాలు.

సిరా సంగతి కాదండి. సాఫ్ట్‌వేరులో ఇంకో దారి ఉంది. ఉన్న అక్షరానికే చుట్టూ పూత పూసి లావు చేస్తుంది. నకిలీ బోల్డు అంటాం. కానీ మన అక్షరాల్లో సున్నలు పూడుకుపోతాయి, వత్తులు పైవాటికి అంటుకుపోతాయి. నమూనా పంపుతున్నాను. దయచేసి వద్దనండి.

విధేయురాలు,
వీరవేణి

తా.క. ఇందులో "వ్యాఖ్య" అన్న మాట రెండు కుండలు బోర్లించినట్టుంది.

ముక్తేశ్వరం

చిరంజీవి వీరవేణికి,

భేష్! బోల్డంటే ఇదీ! గుమ్మంలోంచి కనబడుతోంది. ఇంకాస్త లావు చెయ్యి.

ఇట్లు, మిక్కిలి సంతోషంతో,
యజ్ఞనారాయణ

తా.క. శివరామ్‌కి చూపించాను. "ఆయ్, మీ మాట చాలా బరువుగా ఉందండి" అన్నాడు. తెలివైనవాడు.

అమలాపురం

మాస్టారికి నమస్కారాలు.

చేశానండి. ఇప్పుడు మీ వ్యాఖ్య ఒక్కటి కూడా నేను చదవలేకపోతున్నాను. మొదటి పుస్తకమే ఇలా బయటికెళితే కూర్చిన పిల్లకి అక్షరాలే రావంటారు. ఈ ప్రూఫులు వంటలు రాసిన మామ్మగారికి చూపించండి. ఆవిడ సరేనంటేనే అచ్చుకి పంపుతాను.

విధేయురాలు,
వీరవేణి

తా.క. కుండలు ఇప్పుడు గుమ్మడికాయలయ్యాయి.

ముక్తేశ్వరం

అమ్మా వీరవేణీ,

నేను కనకమహాలక్ష్మిని. ప్రూఫులు ఆయన ముందు పెట్టి చదవమన్నాను. నా వంటలన్నీ గడగడా చదివేరు. తన మాటల దగ్గర కళ్లజోడు తుడిచేరు, కిటికీ దగ్గరికెళ్లేరు, కాయితం అటూ ఇటూ తిప్పేరు. చివరికి "ఇవి చూడ్డానికి వేసినవే, చదవడానికి కాదు" అనేసేరు. ఎంత తృప్తిగా ఉన్నారనీ!

నా తృప్తి అంతకంటే ఎక్కువ. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఆయన వ్యాఖ్య వినకుండా నా వంట ఎవరూ తిన్నది లేదు. ఇప్పుడాయన మాటలు అందరికీ కనిపిస్తాయి, ఎవరికీ వినిపించవు. అలాగే అచ్చేయించెయ్యి. నా పచ్చళ్ల పుస్తకం కూడా నువ్వే కూర్చాలని మీ ఓనరు గారికి కబురు పంపేను.

నీ క్షేమం కోరే,
మామ్మగారు

తా.క. పొట్టిక్కల పేజీలో "పనసాకు బుట్టలో ఇడ్లీ ఇంత మెత్తగా ఈవిడకి తప్ప ఇంకెవరికీ రాదు" అని రాసేరట, మొదటి ప్రూఫుల్లో చదివి శివరామ్ చెప్పేడు. నా ఎదుట ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు. ఆ ఒక్కటీ మాత్రం సన్నగా, శుభ్రంగా వెయ్యి తల్లీ. ఆయనడిగితే కంప్యూటరు మాట వినలేదని చెప్పు.