జారుముడి

నాన్నా,

ఫోన్‌లో అడిగే ధైర్యం లేక రాస్తున్నాను. నిన్నటి నుంచి తిండి సయించడం లేదు.

బజారు నడిబొడ్డున ఉన్న పాత భవనం బాగుచేయిస్తున్నారని చెప్పానుగా. అందులో వ్యాపారం చేసిన గొడుగుల షావుకారు గురించి, గోడమీది పలకకు సోమవారంలోగా నాలుగు వాక్యాలు రాసివ్వాలి. ఆయన ముఖం గుర్తున్నవాళ్లు ఒక్కరూ లేరు. పాత పేపర్లో చిన్న వార్త దొరికింది. పుచ్చిన మెట్లు కూలి, గొడుగు పిడులకు మెరుగుపెట్టే మనిషి చనిపోయాడట. షావుకారుకి రెండేళ్ల జైలు. ఆ తర్వాత ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. అది నేను పుట్టిన ఏడే.

నిన్న వెనక గది తాళం పగలగొట్టారు. గోడ పొడవునా పురికొసతో కట్టిన గొడుగుల కట్టలు. ఎడమచేతి వాటం ముడి, కొస లోపలికి దోపి ఉంది. ఒక్కసారి లాగితే ఊడిపోయింది. పోయిన నెల నువ్వు పంపిన పుస్తకాల కట్టకూ అదే ముడి. "ఏంటమ్మా, దయ్యాన్ని చూసినట్టు అయిపోయారు?" అన్నాడు మేస్త్రీ. నవ్వేసి తప్పించుకున్నాను.

నేను పుట్టకముందు ఏం చేసేవాడివంటే ఎప్పుడూ మాట దాటేస్తావు. నాకు రెండేళ్లు నిండేలోపు తీసిన ఫోటోల్లో నువ్వెక్కడా లేవు. ఆ షావుకారు నువ్వేనా? కాదంటే నమ్ముతాను. అవునన్నా నువ్వు నా నాన్నవే. భయమేస్తోంది, తొందరగా రాయి.

నీ పిచ్చుక

పిచ్చుకా,

నేను షావుకారుని కాదమ్మా. ఆయన దగ్గర గొడుగులు కట్టలు కట్టినవాణ్ణి. ఫోటోల్లో ఎందుకు లేనంటే, అవి తీసింది నేనే.

మెట్లు పుచ్చాయి, ఎవరూ ఎక్కకుండా తాడు అడ్డం కట్టమని షావుకారు నాకే చెప్పాడు. "గట్టిగా బిగించవోయ్" అన్నాడు. నేను ఎవరితోనో కబుర్లాడుతూ, చేతికి అలవాటైన ముడే వేశాను. కొన్నవాళ్లు ఇంటికెళ్లి సులువుగా విప్పుకోవాలని ఆయనే నేర్పిన ముడి అది. మెరుగుపెట్టే మనిషి కొస లాగి పైకెక్కాడు.

పోలీసులు వచ్చినప్పుడు షావుకారు నావైపు చూడనైనా చూడకుండా, "తాడు కట్టించడం మర్చిపోయాను, తప్పు నాదే" అన్నాడు. అప్పటికి నువ్వు మీ అమ్మ కడుపులో ఏడు నెలలు. నేను నోరు తెరవలేదు. జైలు నుంచి వచ్చాక ఆయన వేరే ఊళ్లో, రోడ్డు పక్కన కూర్చుని గొడుగులు బాగుచేసుకుంటూ బతికి, అక్కడే పోయాడు. ఒక్కసారి వెతుక్కుంటూ వెళ్లాను. "పాప ఎలా ఉంది?" అని మాత్రం అడిగాడు.

ఇన్నేళ్లూ తలుపు చప్పుడైతే చాలు, పోలీసులే వచ్చారనుకునేవాణ్ణి. ఆ ముడి మానేయాలని ఎన్నిసార్లు అనుకున్నా, చెయ్యి వినలేదు.

పలకమీద ఆయన చేసింది రాయి. కింద నేను చేసింది కూడా రాయి. చనిపోయిన మనిషి భార్య ఇంకా ఆ ఊళ్లోనే ఉందని విన్నాను. సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాను. ముందు ఆవిడ ఇంటికి వెళదాం. నాకు చాలా భయంగా ఉంది. తలుపు తట్టేటప్పుడు నా పక్కనే ఉండు.

మీ నాన్న