రెండో కంచం

పెనుకొండ, 1938. మంగళవారం రాత్రి.

బడిలో చెప్పబోయే ఇంగ్లీషు పాఠం ముందు నాకు చెప్పి చూసుకోవడం మా ఆయనకు అలవాటు. పొద్దున, "కంపానియన్ అంటే తోడు. మొదట్లో, కూడి రొట్టె తినేవాళ్లు అని అర్థమంట. పెండ్లాన్ని కూడా అట్లే అంటారు" అన్నారు.

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అయినా ఆయన తిని లేచాకే, అదే కంచంలో ఒక్కదాన్నే తింటాను. మా అమ్మా అంతే. పగలంతా ఆ మాట నన్ను వదల్లేదు. సాయంత్రం సంగటి కెలికి, రెండు కంచాలు ఎదురెదురుగా పెట్టాను.

ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి చూశారు. "ఎవరన్నా వస్తాండారా?"

ఎవరూ లేరని చెప్పి ఒక కంచం తీసేశాను.

ఈ రోజు పాఠం పిల్లలకు బాగా ఎక్కిందని తింటూ చెప్పారు. నేను నిలబడి విన్నాను.