వంకర బుట్ట

హామిల్టన్,
నవంబరు 9

కమలక్కకు,

ఫోనులో నీతో కోపంగా మాట్లాడలేను, నాకు నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను. నాన్న ఫొటో పెద్దది చేయించి పంపుతానన్నావు. పంపొద్దు. మా హాల్లో దానికి చోటు లేదు.

ఎందుకో చెబుతాను. స్టీలు ఫ్యాక్టరీలో రిటైరయ్యాక, ఇక్కడి లైబ్రరీలో బుట్టల అల్లిక నేర్పుతున్నారంటే చేరాను. మన వెదురు కాదు, విల్లో అనే చెట్టు సన్న కొమ్మలు. వాటిని చీల్చరు. వారం పైగా నీళ్ళలో నానబెట్టి, కొమ్మను కొమ్మగానే అల్లుతారు. మెషిన్ల రిపేరు ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నవాణ్ణి, ఇదెంత అనుకున్నాను. రోజూ రాసుకునే నోట్‌బుక్కులో నాలుగు శనివారాలుగా ఒకటే మాట: పుల్ల విరిగింది. ప్రతి పుల్లకీ మొదలు లావు, కొస సన్నం. లావు మొదళ్ళన్నీ ఒకే పక్కన పెట్టానట, బుట్ట ఒరిగిపోయింది. టీచరు హెదర్ నవ్వకుండా మొత్తం విప్పించింది. నవ్వినా బాగుండేది.

నా పక్కన కూర్చునేది మీనాక్షి గారు, రిటైరైన డాక్టరు, తెలుగావిడే. ఆవిడ బుట్ట నిటారుగా నిలబడింది. నాది చూసి, "ఏమండీ రాఘవ్ గారూ, మన వైపు మేదరవాళ్ళు రోడ్డు పక్కన కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ అల్లి పడేసేవాళ్ళు. మనం ఇక్కడ ఫీజు కట్టి మరీ ఏడుస్తున్నాం!" అన్నారు. అదే ఇంగ్లీషులో చెప్పి క్లాసంతా నవ్వించారు. నేనూ నవ్వాను అక్కా. మేదర వీధిలో పుట్టి, ఆ రోడ్డు పక్కనే పెరిగినవాణ్ణి, అందరితో కలిసి నవ్వాను.

ఇల్లు చేరాక ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, నాన్న మీద. నీకు ఆరేళ్ళకే వెదురు బద్ద చేతికిచ్చాడు. నేను కత్తి ముట్టుకుంటే మాత్రం లాక్కుని ఎడమ చేతి మీద కొట్టాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చదువుకునేవాడికి ఎందుకురా అన్నాడు. మన ఇంటి పని నాకు దక్కకుండా చేసి, అరవై మూడేళ్ళకి పరాయివాళ్ళ ముందు నన్ను వెర్రివాణ్ణి చేశాడు. ఎందుకు చేశాడో నువ్వైనా చెప్పు. క్లాసు మానేస్తున్నాను.

నీ తమ్ముడు,
రాఘవ్


హామిల్టన్,
నవంబరు 30

అక్కా,

ఉత్తరం అందగానే ఫోను చేసి నువ్వు తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

"కొట్టాడా? నాన్నా? ఒరేయ్, నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పాడురా! బళ్ళో పిల్లలు తట్టలోడు అన్నారని ఏడుస్తూ వచ్చి, నాన్న అల్లుతున్న చేటని కత్తితో నరికేశావు. ఆ కత్తితోనే నీ చెయ్యి తెగింది. ఆయన కట్టుకున్న పంచె చింపి కట్టు కట్టాడు. మళ్ళీ నిన్ను పనికి పిలవలేదు, అంతే. రోజూ పుస్తకంలో రాసుకుంటావుగా పెద్దమనిషీ, ఇది రాసుకోలేదా?"

నీతో వాదిద్దామనే అనుకున్నాను. కానీ ఆ కట్టు గుడ్డకి పచ్చ అంచు ఉండేది. అది గుర్తొచ్చాక మిగతాది కాదనలేకపోయాను. కోపం తగ్గిందనుకోకు. యాభై ఏళ్ళు ఆయన మీద పెట్టుకున్నదంతా ఇప్పుడు నా మీదికే తిరిగింది.

నిన్న క్లాసుకి వెళ్ళాను. "మళ్ళీ వచ్చారే! మేదరవాళ్ళ దగ్గర ట్యూషన్ చెప్పించుకున్నారా?" అన్నారు మీనాక్షి గారు.

"మేమే మేదరవాళ్ళమండీ," అన్నాను. "మా నాన్న చేటలు అమ్మి నన్ను చదివించాడు. నేర్పబోతే నేనే చీదరించుకున్నాను. అందుకే నాకిది రాదు."

గట్టిగానే అన్నట్టున్నాను. హెదర్ చేతిలో దబ్బనం ఆగిపోయింది. "అయ్యో, నాకు తెలియదండీ," అన్నారు మీనాక్షి గారు.

"నేను చెప్పలేదు కదా."

పుల్ల అందుకుని మళ్ళీ అల్లాను. బుట్ట అంచు దాకా వచ్చింది. వంకరే. హెదర్ విప్పమంటే విప్పనన్నాను.

నాన్న ఫొటో పంపు. స్టూడియోలో అరువు కోటు తొడిగి తీసింది వద్దు. అరుగు మీద చొక్కా లేకుండా, కాళ్ళ మధ్య సగం అల్లిన చేట పెట్టుకుని కూర్చున్నది పంపు. తలుపు తీయగానే కనిపించే గోడకి మేకు కొట్టేశాను.

నీ తమ్ముడు,
మేదర వీధి వీరరాఘవులు