నీ చీర సుగుణ కట్టుకుంది

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు నాలుగేళ్లు. ఇవాళ ఒక పరాయి పిల్లను చూస్తే నాకు కడుపు మండుతోంది. నీకు కాక ఇంకెవరికి చెప్పను?

పొద్దున పక్క వీధి సుగుణ మన తాండూరు ఇంటికి ఏడుస్తూ వచ్చింది. దాని మొగుడూ బావలాగే సిపాయి. సెలవు మీద వచ్చి కొట్టాడట. మెడ మీద వేళ్ల గుర్తులున్నాయి. అమ్మ దానికి నీ పచ్చ చీర ఇచ్చింది, నన్నెప్పుడూ ముట్టుకోనివ్వని చీర.

మధ్యాహ్నం వాడు గుమ్మంలోకొచ్చాడు.

"నా పెండ్లాన్ని పంపియ్యి."

"ఒక బిడ్డను గట్లనే పంపి పోగొట్టుకున్న. దీన్ని పంప," అంది అమ్మ.

ఆ మాట నీకు దక్కాల్సింది. దాని కోసమే నువ్వు వికారాబాద్ నుంచి మూడుసార్లు రైలెక్కి వచ్చావు. మూడుసార్లూ అమ్మ, "జర ఓర్సుకో బిడ్డా" అంటూ పసుపు కలిపిన ఒడిబియ్యం నీ కొంగులో పోసి, మళ్లీ బావ దగ్గరికే సాగనంపింది.

సాయంత్రం అమ్మ చేటలో బియ్యం పోసుకుంది. సుగుణ కూడా వెళ్లిపోవాలని, నేనే పసుపు తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

అమ్మ నా వైపు చూడలేదు. పసుపు పక్కకు జరిపి, ఆ బియ్యం కడిగి ఎసట్లో పోసింది.