పాట ముందు కోసేసిన మాట

డబ్బులకి అమ్మలేదన్నా, ఊరికే ఎక్కించా. నేను వైరింగ్ నేర్చుకునే కుర్రాణ్ణి. మీ పాట డబ్బు కట్టకుండా డౌన్‌లోడ్ చేసి మా క్లాసులో అందరి ఫోన్లలో పెట్టింది నేనే. మీరు మా మాస్టారికి పంపిన కంప్లయింట్ కాగితం చివర మీ నంబరు ఉంది. ఫోన్ చేస్తే మాట రాదని మెసేజ్ పెడుతున్నా.

ఆ కాగితం చూసి మాస్టారు నన్ను ఈ ఏడు పరీక్ష రాయనివ్వనన్నారు. "వైర్లు కలపడం రాదుగానీ పాటలు ఎక్కించడం వచ్చిందిరా నీకు?" అని అందరి ముందూ అడిగారు. మా అమ్మేమో "విన్నదానికి ఏడాదా? వింటే పాటేమన్నా అరిగిపోయిందా?" అంటోంది. పరీక్ష పాసైతే మావయ్య నన్ను పనిలో పెట్టుకుంటానన్నాడు. వచ్చే ఏడు దాకా ఆగడు, ఇంకొకణ్ణి చూసుకుంటాడు.

మీ కాగితంలో లేనిది ఒకటుందన్నా. పాటకి ముందు "రాసింది, పాడింది నేనే" అని మీరు పేరు చెప్తారు కదా. రింగ్‌టోన్‌కి అడ్డమొస్తోందని ఆ ముక్క కోసేశా. ఇప్పుడు పాట అందరికీ నోటికొచ్చు, ఎవరిదో ఎవరికీ తెలీదు. ఒకడైతే నేనే పాడాననుకున్నాడు. నేను కాదనలేదు.

మీరు సరేనంటే పరీక్ష రాయనిస్తానన్నారు మాస్టారు. మీ పేరు కోసినందుకు ఏడాదంటే నోరెత్తను. డౌన్‌లోడ్ చేసినందుకే అంటే మాత్రం ఎక్కువనిపిస్తోంది. ఆ ఏడాది దేనికో మీరే చెప్తారా అన్నా?